తెల్లపొగ ఎవరికి?

4, మంగళవారం

పోప్ పోయారు. న్యూస్ ఏజెన్సీ వార్త మధ్యాహ్నం వచ్చింది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా, వయసెంత. నాలుగే వాక్యాలు, ఒక్క విశేషణం లేదు. ఇలాంటి కాపీ చూసి చాలా కాలమైంది.

సాయంత్రం మీటింగులో న్యూస్ ఎడిటర్ అడిగిన మొదటి ప్రశ్న: "సరే, తర్వాత ఎవరు?"

పోయినాయనకి ఇంకా అంత్యక్రియలు కూడా కాలేదని గుర్తు చేశాను. పోప్‌ని ఎన్నుకునే కార్డినళ్ళంతా ఒకచోట చేరి, తలుపులు వేసుకుని ఓట్లేసుకుంటారనీ, తేలకపోతే చిమ్నీలోంచి నల్లపొగ, తేలితే తెల్లపొగ వస్తుందనీ, అప్పటిదాకా ఎవరికీ ఏమీ తెలియదనీ చెప్పాను.

"అది మనకి తెలుసండీ. పాఠకుడికి చెప్పకండి," అన్నారు.

రేపటి నుంచి నా విదేశీ పేజీలో రోజూ ఒక బాక్స్. పేరు కూడా ఆయనే పెట్టారు: 'తెల్లపొగ ఎవరికి?' మా పేజీలో మనుషులం ఇద్దరమే. నేను, డిక్షనరీ. ఆవిడ అనువాదాలు చూస్తుంది. ఏ మాటకైనా అర్థం పుస్తకం తెరవకుండా చెబుతుంది కాబట్టి ఆ పేరు. మాకు అక్కడ విలేకరి లేడు. పక్క జిల్లాకే పంపడానికి ఏడ్చే ఆఫీసు వాటికన్‌కి పంపుతుందా?

న్యూస్ ఎడిటర్ ఈ నెలాఖరు శనివారం రిటైరవుతున్నారు. మీటింగ్ అయ్యాక వరండాలో నా భుజం మీద చెయ్యి వేసి, "నా తర్వాత మీలాంటి సీనియర్ ఉంటే బాగుంటుందండీ," అన్నారు. మర్యాదకి అని ఉంటారు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను, ఊరికే.

"ఆ మాట ఛైర్మన్‌తో అన్నారా, మీతో అన్నారా?"

"నాతో."

"మీతో అంటే ఏం లాభం? మీకు వేసుకోడానికి మీకు ఓటుందా?"

తను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. చిరునామా తప్పుగా రాసిన కవర్లను చూసినట్టే చూస్తుంది నన్ను.

నాకు ఆ కుర్చీ మీద ఆశ లేదు. ఇది రాసిపెట్టుకోవడం మంచిది.

7, శుక్రవారం

బాక్స్‌కి 'విశ్వసనీయ వర్గాలు' కావాలి. దొరికాయి.

మొదటి వర్గం మా బార్బర్. ఏజెన్సీ పంపిన ఫోటోలన్నీ చూసి తీర్పు చెప్పాడు. "ఈ గడ్డం ఆయన రాకూడదు సార్. ఆయన్ని చూసి నలుగురు గడ్డం పెంచితే మా షాపుకి తాళమే." మతం మీద ఇంత సూటి అభిప్రాయం నేను ఇంతవరకు వినలేదు.

రెండో వర్గం మా డాక్టరు. ఆయన మోకాళ్ళ లెక్క వేశాడు. మెట్లెక్కుతున్న వీడియోలు చూసి ఇద్దరిని జాబితాలోంచి కొట్టేశాడు.

మూడోది పోస్టాఫీసు క్యూ. మా ఆవిడ రోజూ రిపోర్టు తెస్తోంది. క్యూలో మెజారిటీ సైకిల్ కార్డినల్ వైపు. ఆయన సైకిలు తొక్కుతున్న ఫోటో ఒకటి ఉంది. మనిషి గురించి జనానికి తెలిసింది ఆ సైకిలొక్కటే. అది చాలట.

నాలుగో వర్గంగా పక్కవీధి చర్చి ఫాదర్‌గారిని అడిగాను. పూలకుండీలకి నీళ్ళు పోస్తూ నవ్వారు. "నాకేం తెలుసండీ? మా బిషప్‌గారు ఎప్పుడొస్తారో కూడా నాకు ఆయనొచ్చాకే తెలుస్తుంది."

తెలియదన్న మనిషి ఈయనొక్కడే. బాక్స్‌కి పనికిరాని మనిషీ ఈయనొక్కడే.

ఐదుగురిని వరసలో పెట్టాను. పొడుగాయన, పియానో వాయించే ఆయన, సైకిల్, గడ్డం, మౌనం. పక్కన శాతాలు వేశాను. శాతం వేస్తే అబద్ధానికి కళ్ళజోడు పెట్టినట్టుంటుంది, చదువుకున్నదానిలా కనిపిస్తుంది. 'వాటికన్ పరిశీలకుల అంచనా ప్రకారం' అని మొదలుపెట్టాను. డిక్షనరీ ప్రూఫ్ చూసి అడిగింది.

"పరిశీలకులు అంటే ఎవరు సార్?"

"పరిశీలించేవాళ్ళు."

"బార్బర్ కూడానా?"

"అతనికంటే దగ్గరగా తలల్ని పరిశీలించేవాడు ఎవరమ్మా?"

నవ్వలేదు. ఈవిడతో ఇదే ఇబ్బంది.

9, ఆదివారం

పేజీకి ఉత్తరాలు వస్తున్నాయి. యుద్ధం గురించి ఆరు నెలలు రాస్తే ఒక్కరూ రాయలేదు.

10, సోమవారం

ఆఫీసులో రెండో రేసు నడుస్తోంది. ఈ రేసులో ఉన్నది ఇద్దరు. ఒకరు రాజకీయ విభాగం హెడ్. అందరూ 'రాజకీయం' అంటారు, ఆయనకీ ఆ పేరు ఇష్టమే. రెండోవాడు 'క్రీడలు'. మొన్న కప్పు మ్యాచ్‌ల సప్లిమెంటుతో సర్క్యులేషన్ పెంచాడు, అప్పటి నుంచి జెర్సీ వేసుకునే ఆఫీసుకొస్తున్నాడు.

రాజకీయం ఆ కుర్చీలోకొస్తే నా పేజీ పోతుంది. ఇది ఊహ కాదు. ఆయన నలుగురిలో అన్నాడు: "విదేశీ వార్తలకి పేజీ ఎందుకు గురూ? ఒక్క కాలమ్ చాలు. ఎక్కడో పడిన బాంబు మనకి వినిపిస్తుందా?" క్రీడలు వస్తే పేజీ ఆటలకి పోతుంది. పేజీ పోతే డిక్షనరీని జిల్లా ఎడిషన్‌కి తోస్తారు. ఆమె తల్లికి వారానికి రెండుసార్లు డయాలిసిస్, ఈ ఊళ్ళోనే.

కాబట్టి ఆ కుర్చీలో విదేశీ వార్తల విలువ తెలిసిన మనిషి ఉండాలి. ఇది ఆశ కాదు, వాదన.

11, మంగళవారం

ఆశ లేదు.

12, బుధవారం

టీవీలో స్క్రోలింగ్: 'పోప్ రేసులో సైకిల్ కార్డినల్ ముందంజ. పరిశీలకుల అంచనా.'

న్యూస్ ఎడిటర్ గాజు క్యాబిన్‌లోంచి కేకేశారు. "ఏమండీ, టీవీ వాళ్ళకి తెలిసింది మనకి తెలియలేదా? మీరు సైకిల్‌ని మూడో స్థానంలో పెట్టారు!"

టీవీలో నా స్నేహితుడొకడున్నాడు. ఫోన్ చేసి, ఆ పరిశీలకులు ఎవరని అడిగాను.

"నువ్వే కదరా. మీ బాక్స్ చూసే వేశాం. మూడో స్థానం అని వేస్తే ఎవడు చూస్తాడు? ముందంజ అన్నాం."

సైకిల్‌ని మొదటి స్థానానికి మార్చాను. కారణంగా 'టీవీ కథనాలు కూడా ధ్రువీకరిస్తున్నాయి' అని రాశాను. రెండు వర్గాలు ధ్రువీకరిస్తేనే వార్త అని కొత్త కుర్రాళ్ళకి పాఠం చెప్పేది నేనే. రెండు వర్గాలూ ఉన్నాయి. ఒకటి నేను, రెండోది నన్ను చూసి రాసినవాళ్ళు.

నవ్వొచ్చింది. ఇలా మోసపోయేవాళ్ళంటే నాకు జాలి.

14, శుక్రవారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

టీ తాగడానికి వెళ్తే క్యాంటీన్ ఓనరు గ్లాసు చేతికిస్తూ గొంతు తగ్గించి, "నెక్స్ట్ మీరేనట కదా సార్," అన్నాడు. ఎవరు చెప్పారంటే, "పైనుంచి వచ్చింది," అన్నాడు. క్యాంటీన్ బేస్‌మెంట్‌లో ఉంది. దానికి అన్నీ పైనే. అందుకని పట్టించుకోలేదు.

సాయంత్రం మా తోడల్లుడు ఎదురొచ్చాడు. అతను మా ఆఫీసులోనే ప్రకటనల విభాగంలో ఉన్నాడు. "అన్నగారూ, మా ఫ్లోరంతా మీ పేరే. రాజకీయానికీ క్రీడలకీ పడటం లేదు కదా, మధ్యలో మీరే అంటున్నారు," అన్నాడు.

వేరువేరు అంతస్తులు, వేరువేరు మనుషులు. రెండు వర్గాలు.

నాకు ఆశ లేదు గాని, వాస్తవాన్ని కాదనడం కూడా వృత్తికి ద్రోహమే.

17, సోమవారం

మధ్యాహ్నం న్యూస్ ఎడిటర్ భోజనానికి వెళ్ళినప్పుడు ఒక ప్రూఫ్ పెట్టడానికి ఆయన క్యాబిన్‌లోకి వెళ్ళాను. కుర్చీ ఎడమ వెనక చక్రం తిరగదు. ఏసీ గాలి సరిగ్గా మెడ మీద కొడుతుంది. వెనక్కి వాలితే తల గోడకి తగులుతుంది. అందరూ కొట్టుకుచచ్చేంత సుఖమైన కుర్చీ కాదు. కూర్చున్నవాడికే తెలుస్తుంది.

నేటి బాక్స్‌లో కొంచెం చరిత్ర పెట్టాను. ఇద్దరు బలమైనవాళ్ళ మధ్య తేలనప్పుడు వయసు మళ్ళి, శత్రువులు లేక, ఎక్కువకాలం ఉండబోని పెద్దమనిషిని కూర్చోబెట్టి ఊపిరి పీల్చుకోవడం ఏ ఎన్నికలోనైనా జరిగేదే. దానికి 'అలసిపోయినవాళ్ళ ఓటు' అని పేరు పెట్టాను. బాగా వచ్చింది. డిక్షనరీ కూడా నవ్వింది, మొదటిసారి.

19, బుధవారం

మా ఆవిడతో కుర్చీ సంగతి కదిపాను. క్యాంటీన్, ప్రకటనల విభాగం, రెండూ ఒకటే చెబుతున్నాయన్నాను. తను ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు.

"మరిదిగారికి చెప్పింది మా చెల్లి. చెల్లికి చెప్పింది నేను. నాకు చెప్పింది మీరు."

"క్యాంటీన్ ఓనరుకి?"

"మరిదిగారు టీ ఎక్కడ తాగుతారు?"

తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. తర్వాత తనే అంది. "పోనీండి. సైకిలాయన కూడా అలాగే కదా ముందుకొచ్చాడు."

నా బాక్స్ తను చదువుతోందని అప్పుడే తెలిసింది.

ఒక్క విషయం. మాట ఎక్కడ పుట్టినా, అన్ని అంతస్తులు తిరిగాక దానికి సొంత ప్రాణం వస్తుంది. ఎవరూ నవ్వలేదు కదా. ఎవరూ 'ఆయనా!' అనలేదు కదా. అది కూడా సమాచారమే.

20, గురువారం

కార్డినళ్ళు లోపలికి వెళ్ళి తలుపులు వేసుకున్నారు. మా ఆఫీసంతా టీవీలో చిమ్నీ చూస్తోంది. పొగ రాని పొగగొట్టాన్ని ఇంతమంది ఇంతసేపు చూడటం, ఆఫీసు పని ఏమీ ఆగకపోవడం. ఎంతమంది అదనంగా ఉన్నారో ఛైర్మన్‌కి తెలిసిపోతుందేమోనని భయమేసింది.

ఐదుగురి జీవిత విశేషాలూ ఫోటోలతో, హెడ్డింగులతో కట్టి పెట్టుకున్నాం. ఎవరొచ్చినా పది నిమిషాల్లో పేజీ వెళ్ళిపోవాలి. సైకిల్‌కి హెడ్డింగ్: 'రెండు చక్రాల మీద శిఖరానికి'. రాసింది క్రీడలు. సైకిలంటే ఆట కాబట్టి తన శాఖేనట.

21, శుక్రవారం

నల్లపొగ. రాజకీయం, క్రీడలు ఇద్దరూ విడివిడిగా ఛైర్మన్‌ని కలిసి బయటికొచ్చారు. మొహాలు కూడా అదే రంగు.

22, శనివారం

తెల్లపొగ.

బాల్కనీ తలుపులు తెరుచుకుని పేరు చదివేదాకా డెస్క్ అంతా నిలబడే ఉంది. పేరు చదివారు. ఆ తర్వాత గదిలో నాలుగు వైపుల నుంచీ ఒకటే మాట: "ఎవరు?"

ఐదుగురిలో లేడు. పదిమందిలో లేడు. మా దగ్గర ఫోటో లేదు. బార్బరు చూడలేదు, డాక్టరు మోకాళ్ళు పరీక్షించలేదు, క్యూలో ఎవరూ పేరెత్తలేదు. కట్టి ఉంచిన ఐదు పేజీలు చెత్తబుట్టకి కూడా పనికిరావు, అవి కంప్యూటర్లో ఉన్నాయి.

ఏజెన్సీ మూడు పేరాలు పంపింది. డిక్షనరీ ఒక్కో వాక్యం అనువదించి చదువుతుంటే నేను పేజీలో పెట్టాను. పుట్టిన ఊరు, చదువు, పనిచేసిన చోట్లు. ఈ నెలలో నా పేరుతో వెళ్ళిన మొదటి నిజం అదే.

న్యూస్ ఎడిటర్ హెడ్డింగ్ పెట్టారు: 'ఊహించినట్టే ఊహించని పోప్'.

23, ఆదివారం

కటింగ్‌కి వెళ్ళాను. బార్బరు కత్తెర ఆడిస్తూ, "నేను ముందే చెప్పలా సార్, గడ్డం ఆయన రాడని," అన్నాడు. నిజమే. అతనొక్కడి అంచనా తప్పలేదు.

డాక్టరు ఫోన్ చేసి, కొత్తాయన నడక చూశాను, పదేళ్ళు ఢోకా లేదన్నాడు. ఉత్తరాలు ఆగలేదు. ఇంత తప్పు రాశారేమిటని ఒక్కరూ అడగలేదు. తర్వాత ఎవరి గురించి రాస్తున్నారని అడుగుతున్నారు.

25, మంగళవారం

ఛైర్మన్‌గారు పిలిపించారు. ఆయన గదిలో కూర్చోమనడానికి ముందే మనిషికి కూర్చోవాలనిపించేంత మెత్తటి సోఫా ఉంది. కూర్చోమన్నారు.

"రాజకీయాన్ని పెడితే క్రీడలు వెళ్ళిపోతాడు. క్రీడల్ని పెడితే రాజకీయం వెళ్ళిపోతాడు. మిమ్మల్ని పెడితే ఎవరూ వెళ్ళరు," అన్నారు.

థాంక్స్ చెప్పాలో లేదో తేలలేదు.

"ఇద్దరినీ విడిగా అడిగాను. మీ మీద ఎవరికీ అభ్యంతరం లేదు. మీకు సర్వీసు కూడా ఎక్కువ మిగల్లేదు కదా. ఇంతలో ఎవరు పనికొస్తారో తేలుతుంది. మీరే రాశారుగా మొన్న, అలసిపోయినవాళ్ళ ఓటు అని. చదివాను. బాగుంది."

ఇన్ని రోజులు నా బాక్స్‌ని నమ్మి పని చేసిన ఏకైక పాఠకుడు మా ఛైర్మన్.

లేవబోతుంటే ఇంకో మాట అన్నారు. "ఆ విదేశీ పేజీ. పోప్ రేసు ఉన్నన్నాళ్ళూ జనం చదివారు. పోప్ అయిపోయాడు. దాన్ని స్థలాల ప్రకటనలకి ఇచ్చేద్దాం. మీ చేతుల మీదుగా అయితే గొడవ ఉండదు. ఆ అమ్మాయికి జిల్లాలో ఖాళీ ఉంది."

ఆవిడ తల్లి సంగతి చెప్పాను. "చూద్దాం," అన్నారు. గురువారం లోపు నా మాట చెప్పాలి.

26, బుధవారం

పేజీ కోసమే కదా ఆ కుర్చీ. పేజీ లేకపోతే కుర్చీ ఎందుకు? వద్దని చెప్పాలి.

కానీ వద్దంటే రాజకీయమో, క్రీడలో వస్తారు. పేజీ ఎలాగూ పోతుంది. డిక్షనరీ ఎలాగూ జిల్లాకి పోతుంది. నేను కుర్చీలో ఉంటే పేజీ పోయినా, ఎప్పుడో ఒకప్పుడు తిరిగి తేవచ్చు. ఆవిడని ఇక్కడే ఇంకో డెస్క్‌లో ఉంచవచ్చు. అంటే పేజీని కాపాడాలంటే ముందు పేజీని తీసేయాలి. ఈ వాదనలో లోపం కోసం చాలాసేపు వెతికాను. దొరికింది. మళ్ళీ పోగొట్టుకున్నాను.

డిక్షనరీకి నా నోటితోనే చెప్పాలనిపించింది. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీరు ఒప్పుకుంటారు సార్."

"ఇంకా నిర్ణయించుకోలేదు."

"నేను ఏ పరిశీలకుణ్ణీ అడగలేదు. పది రోజులుగా మిమ్మల్నే చూస్తున్నాను."

"నిన్ను జిల్లాకి పంపనివ్వను. సిటీ డెస్క్‌లో వేయిస్తాను."

"సిటీ డెస్క్‌లో అనువదించడానికి ఏముంటుంది సార్? కుళాయిలో నీళ్ళు రాలేదంటే కుళాయిలో నీళ్ళు రాలేదనే." కళ్ళజోడు పెట్టుకుంది. "అయినా థాంక్స్. మా అమ్మకి చెబుతాను, ఊళ్ళోనే ఉంటున్నానని."

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. ఎందుకు ఎంచుకున్నారో కూడా దాచలేదు. "నా మీద ఎవరికీ అభ్యంతరం లేదట," అన్నాను.

"నాకుంది. నన్నెవరూ అడగలేదు."

"ఏమిటి నీ అభ్యంతరం?"

"ఈ నెలంతా మీరు అన్నం తింటూ ఆశ లేదు, ఆశ లేదని నాలుగుసార్లు చెప్పారు. లేనిదాని గురించి ఎవరూ అంతసేపు మాట్లాడరు. కావాలంటే కావాలనండి, నేనూ సంతోషిస్తాను. ఆ అమ్మాయి కోసం, పేజీ కోసం అని మాత్రం నాకు చెప్పకండి."

తను పడుకున్నాక ఈ డైరీ తిరగేసి, ఆశ లేదని ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టాను.

27, గురువారం

ఒప్పుకున్నాను.

29, శనివారం

పాత న్యూస్ ఎడిటర్‌కి వీడ్కోలు సభ. దండ, శాలువా, ఒక గోడగడియారం. రాజకీయం నా గురించి మాట్లాడుతూ 'అజాతశత్రువు' అన్నాడు. క్రీడలు 'టీమ్ ప్లేయర్' అన్నాడు. మొదటిసారి ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. మరో దండ నా మెడలో వేసినప్పుడు మాత్రం నవ్వింది. బాగుంది ఆ నవ్వు. ఎందుకు నవ్విందో అడగలేదు.

30, ఆదివారం

కుర్చీలో మొదటి రోజు. పేజీ పోయింది. దాని చోట ఎకరాల బొమ్మలు, ఎవరూ నడవని ఆకుపచ్చ రోడ్లు.

పొద్దున క్యాంటీన్‌కి దిగితే నా తర్వాత ఎవరో అప్పుడే లెక్కలు వేస్తున్నారు. నన్ను చూసి ఆపారు. "కానివ్వండి," అన్నాను. రాజకీయానికి అరవై శాతం వేశారు. అంత లేదు, క్రీడలకే మొగ్గుందని చెప్పి టీ తాగి పైకొచ్చాను.

మధ్యాహ్నం డిక్షనరీ సిటీ డెస్క్ నుంచి వచ్చింది. చేతిలో ప్రింట్ తీసిన కాపీ. కొత్త పోప్ తొలి పూజ, ఆయన మాట్లాడిన మాటలు, ఎవరెవరు వచ్చారు. ఎవరూ అడగకుండానే అనువదించింది. రెండు కాలమ్‌లకి సరిపోయేంత ఉంది. ఒక్క ఊహ లేదు, ఒక్క 'పరిశీలకుడు' లేడు. ఈ నెలంతా నేను రాయాల్సిన కాపీ అది.

తొమ్మిదో పేజీలో కబడ్డీ స్కోర్లకీ ప్రకటనకీ మధ్య కొంచెం ఖాళీ ఉంది. పెన్ను తీసి కొట్టేయడం మొదలుపెట్టాను. ముందు వచ్చినవాళ్ళ పేర్లు పోయాయి. తర్వాత ఆయన మాటలు పోయాయి. ఐదు లైన్లు మిగిలాయి.

ఆవిడ బల్లకి అటువైపు నిలబడి చూసింది.

"మిగతాది సార్?"

"చోటు లేదమ్మా."

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఈ మాట బల్లకి అటువైపు నిలబడి వింటూ వచ్చాను. విన్న ప్రతిసారీ, చెప్పేవాడికి గొంతెలా పెగులుతుందా అనుకునేవాణ్ణి.

ఏమీ కాదు. మామూలుగానే వస్తుంది.